యూజర్ మిస్టేక్

“అన్నయ్యా, యూజర్ మిస్టేక్ అంటే ఏంది?”

మాచర్ల నుంచి ఎస్తేరు ఫోన్ చేసి అడిగిన మాట అది. రహీమ్ అప్పుడే సర్వర్ గదికి తాళం వేసి ఇంటికి బయలుదేరుతున్నాడు. ఒక కాలు చెప్పులో ఉంది, రెండోది ఇంకా గడప మీదే ఉంది.

“వాడేవాళ్ల పొరపాటని అర్థం. ఎందుకమ్మా?”

“వాడేవాళ్లంటే నేనేగా.”

“ఆఁ... ఎవరు వాడితే వాళ్లు.”

“సరే అన్నయ్యా. వదిన బాగుందా? వాళ్లమ్మకి కాళ్ల వాపు తగ్గిందా?”

బాగుందన్నాడు, తగ్గిందన్నాడు. ఎస్తేరు సంతోషం అంది. ఆ తర్వాత, గుర్తొచ్చింది కాబట్టి చెబుతున్నట్టుగా, “పై నెల నుంచి నన్ను కౌంటర్లోంచి తీసి వార్డులో ఏస్తన్నారంట. దుప్పట్లు, దిండుగలేబులు చూసుకోవాలంట. కాయితంలో ఆ మాటే రాశారు, యూజర్ మిస్టేక్ పలుమార్లు అని. తెలియని మాట మీద సంతకం పెట్టటమెందుకని నిన్నడిగా. ఉంటా అన్నయ్యా, రైలుకి టైమవుతంది” అని పెట్టేసింది.

రహీమ్ రెండో చెప్పు తొడుక్కోలేదు. మొదటిది కూడా విడిచి, తాళం తీసి మళ్లీ లోపలికి వెళ్లాడు.

ఆ మాట రాసింది అతనే.

నరసరావుపేటలో ఉన్నది పెద్దాసుపత్రి. మాచర్లలో ఒకటి, గురజాలలో ఒకటి దాని బ్రాంచీలు. మూడు చోట్లా కలిపి పనిచేసే డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా ఎవరు ఎవరు, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలి, ఎవరికి ఏ ఫైలు కనపడాలి అన్నది గుర్తుపెట్టుకునే సర్వర్ ఈ గదిలో ఉంటుంది. పొద్దున్నే ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చుని పేరూ పాస్‌వర్డూ కొట్టినా ఆ కబురు ఇక్కడికి రావలసిందే. ఇది చూసి, మనిషి మనవాడే అని ఒప్పుకుంటేనే అక్కడ తెర తెరుచుకుంటుంది. కంపెనీవాళ్లు దీనికి డైరెక్టరీ సర్వర్ అని పేరు పెట్టారు. రహీమ్ పెద్దమ్మ అంటాడు. ఊళ్లో అందరి ఇంటిపేర్లూ, ఎవరు ఎవరికి ఏమవుతారో నోటికి వచ్చిన పెద్దమ్మలుంటారే, అట్లాంటిదని. ఈ గది ఒకప్పుడు ఎక్స్‌రే గది. గోడలు మందం. లోపల ఎండాకాలం కూడా చలి వేస్తుంది. ఆసుపత్రిలో ఐసీయూ తర్వాత ఏసీ ఆగకూడని గది ఇదొక్కటే. రహీమ్ కూర్చునే బల్ల మాత్రం బయట వరండాలో, ఫ్యాను కింద ఉంటుంది.

బ్రాంచీల నుంచి ఫిర్యాదు వస్తే అతను చూసి, బాగుచేసి, కింద కారణం పెట్టి మూసేయాలి. కారణాలు నాలుగే. కరెంటు, లైను, మిషను, యూజర్ మిస్టేక్. వాటిలో ఒకటి ఎంచి నొక్కితేగాని ఫిర్యాదు మూతపడదు. మొదటి మూడూ కానప్పుడు నాలుగోది నొక్కడం అతనికి అలవాటు. పైన ఉన్నవాళ్లకు కారణం కనిపిస్తే చాలు, అది నిజమో కాదో అడిగే తీరిక వాళ్లకు ఉండదు.

మాచర్ల ఒకటో కౌంటర్ ఫిర్యాదులు తీసి చూశాడు. అన్నీ పొద్దున ఏడింటికి వచ్చినవే. అన్నిట్లోనూ ఒకే ముక్క, లాగిన్ కావడం లేదు. రహీమ్ తొమ్మిదిన్నరకు వచ్చి ఇక్కడి నుంచి చూసేసరికి అన్నీ శుభ్రంగా పనిచేస్తుండేవి. అదే పేరు, అదే పాస్‌వర్డ్, అదే కంప్యూటర్. అయితే పొద్దున ఆమే ఏదో తప్పు కొట్టి ఉంటుంది. ఆ రోజు అట్లాగే అనుకున్నాడు, మర్నాడూ అట్లాగే అనుకున్నాడు. నాలుగోది నొక్కి టీకి వెళ్లాడు.

“ఏంది, అన్నం ముందు పెట్టుకుని వాసన చూస్తన్నావ్?” అంది రాత్రి అన్నాల దగ్గర భార్య అబిదా.

చెప్పాడు. అబిదా చేతిలో గరిటె ఆగింది. నిరుడు వాళ్లమ్మను మాచర్లలో చూపించినప్పుడు, ముసలావిడ గోడకు చేరగిలబడి నిలబడి ఉంటే, కౌంటర్ అవతలి నుంచి తన కుర్చీ ఎత్తి ఇవతల పెట్టింది ఎస్తేరే. ఆ పూటంతా ఆమె నిలబడే చీటీలు రాసింది.

“ఆమె పొరపాటు చేసిందా?”

“చేసే ఉండాలి. వేరే కారణం కనపళ్లా.”

“నీకు కనపడకపోతే ఆమె చేసినట్టేనా?” అంది అబిదా. అని, పప్పు వడ్డించి, తన పని తను చూసుకుంది. ఆమె అంతే. ముల్లు గుచ్చడానికి క్షణం పట్టదు, తర్వాత దాని సంగతి గుచ్చుకున్నవాడు చూసుకోవాలి.

మర్నాడు మేనేజరు హర్షకు మాచర్ల యూపీఎస్ చూసొస్తానని చెప్పి బస్సెక్కాడు. హర్ష చిన్నవాడు. మర్యాద తెలిసినవాడు. అందర్నీ గారు అని పిలుస్తాడు, పిలుస్తూనే ఉద్యోగంలోంచి తీసేస్తాడు. ఎస్తేరు కాగితం మీద సంతకం అతనిదే.

పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ బస్సులోకి వచ్చింది. దాటాక కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు. బస్సంతా తుమ్మింది. పక్క సీటు పెద్దమనిషి ఏం పని చేస్తావని అడిగితే రహీమ్ కంప్యూటర్లు చూస్తానన్నాడు. “అయితే మావోడి ఫోను చూడు, చార్జింగ్ నిలవటంలా” అని ఆయన ఫోను చేతిలో పెట్టాడు. గురజాల దాకా దానితోనే సరిపోయింది.

మాచర్ల ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎస్తేరు కౌంటర్లోనే ఉంది. సన్నగా, పొడుగ్గా, బిగించి వేసిన జడ, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. రెండు వేళ్లతోనే టైపు చేస్తుంది గానీ ఆగదు. ఎవరైనా పేరు చెబితే ఇంటిపేరు అడుగుతుంది, ఇంటిపేరు చెబితే ఊరు అడుగుతుంది. సైదులు అన్న పేరు చాలదు ఈ ప్రాంతంలో, గట్టిగా పిలిస్తే సగం వరండా పలుకుతుంది. “ఏ సైదులు, తాతా? గొర్రెలోళ్ల సైదులా, మిల్లు సైదులా?” అని ఆమె అడుగుతుంటే తాత నవ్వుకుంటూ చెబుతున్నాడు.

రహీమ్‌ను చూసి లేచి నిలబడింది. “అన్నయ్యా, నా కోసమేనా ఇంత దూరం?”

“యూపీఎస్ కోసం.”

“అదీ బాగానే ఉంది” అంది ఆమె, నమ్మనట్టు.

అతను బల్ల కిందికి దూరాడు. నెట్‌వర్క్ తీగ పీకి, కొనలు చూసి, మళ్లీ పెట్టాడు. కీబోర్డు తిరగేసి కొడితే రెండు గుండుసూదులు, ఒక బొరుగు గింజ పడ్డాయి. ఎస్తేరుతో లాగిన్ చేయించాడు. అయింది. బయటికి రమ్మని, మళ్లీ చేయించాడు. మళ్లీ అయింది. డాక్టరు ముందు కూర్చోగానే నొప్పి మాయమయ్యే రోగిలా ఉంది ఆ కంప్యూటర్ వాలకం.

“పొద్దున కూడా ఇట్టాగే కొడతన్నావా?”

“ఇట్టాగే అన్నయ్యా. మొదట్లో తలనూనె చేత్తో కొడతన్నానేమో, మీటలు జారతన్నయ్యేమో అనుకున్నా. ఇప్పుడు సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చుంటన్నా. ఒక్కో అచ్చరం పైకి చదువుకుంటా కొడతన్నా. అయినా పాస్‌వర్డు తప్పంటది.” గొంతు తగ్గించింది. “రాత్రుళ్లు కూడా వేలితో దుప్పటి మీద కొట్టుకుంటన్నానంట. మా ఆయన నవ్వుతన్నాడు.”

రహీమ్ నవ్వలేదు. మనిషికి తన చేతి మీదే నమ్మకం పోయేలా చేయడానికి ఎంత పని పట్టిందీ? నాలుగో గడి మీద ఒక నొక్కుడు.

“ఏందబ్బాయ్, ఏమన్నా దొరికిందా?” అంటూ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు వెంకట్రామయ్య. ఆసుపత్రికి వాచ్‌మనూ ఆయనే, అటెండరూ ఆయనే. అరవై దాటింది. ఖాకీ చొక్కా జేబులో కళ్లజోడు, తాళాల గుత్తి, ఎప్పుడూ నాలుగు చాక్లెట్లు, ఏడ్చే పిల్లల కోసం. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి తలుపులు తీసి, ఊడ్పించి, ఎస్తేరు వచ్చేసరికి కంప్యూటర్ కూడా వేసి ఉంచుతాడు.

“లేదు బాబాయ్. ఇప్పుడు బానే ఉంది.”

“ఇప్పుడెందుకుండదు? పొద్దున్నే దానికి మొండితనం. మా రెండో మనవడూ అంతే, నిద్ర లేచి గంట దాకా ఎవర్నీ గుర్తుపట్టడు.”

“అయితే పొద్దున్నే చూస్తా. రేపటిదాకా ఉంటా.”

సాయంత్రం ఆయా మహాలక్ష్మి తుడుపు కర్ర మూలన పెట్టి గోడ గడియారం వంక చూసి, “ఎస్తేరూ, రైలే” అని కేకేసింది. రెంటచింతల, గురజాల వెళ్లేవాళ్లు నలుగురు సంచులు తగిలించుకుని బయటపడ్డారు. గడియారం ప్రకారం వాళ్లకు పరుగెత్తవలసిన వేళే, కానీ వాళ్లు మాట్లాడుకుంటూ, దారిలో జామకాయలు బేరం చేసుకుంటూ వెళ్లారు. నరసరావుపేటలో ఇట్లా నడిస్తే ఏ రైలూ దొరకదు అనుకున్నాడు రహీమ్. అక్కడితో వదిలేశాడు. ఆ పూట బస్టాండు వెనక పెద్దనాన్న కొడుకు ఇంట్లో పడుకున్నాడు.

పొద్దున అతను వచ్చేసరికి వెంకట్రామయ్య అప్పటికే కంప్యూటర్ వేసి, దాని నెత్తిని గుడ్డతో తుడుస్తున్నాడు. బల్ల మీద చిన్న గ్లాసులో నీళ్లు పోసి రెండు కనకాంబరాలు వేసి ఉన్నాయి. అది ఎస్తేరు కోసమో, కంప్యూటర్ కోసమో తెలియదు. ఎస్తేరు వచ్చింది, పంపు దగ్గర చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, కూర్చుంది. పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరమే కొట్టింది.

పాస్‌వర్డ్ తప్పు అంది తెర.

ఎస్తేరు రహీమ్ వంక చూడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“లెగమ్మా, నేను చూస్తా.”

అతను కూర్చుని తన పేరు కొట్టాడు. ఆ పేరుకు ఏ గదీ మూసి ఉండదు. మూడు ఆసుపత్రుల్లో ఎవరి తలుపైనా తెరిచే పేరు అది. తెర ఒక్క క్షణం ఆలోచించి, పాస్‌వర్డ్ తప్పు అంది. మళ్లీ కొట్టాడు. తప్పు అంది. పాతికమందికి పాస్‌వర్డ్ ఎట్లా కొట్టాలో చెప్పే మనిషి మూడోసారి తన వేళ్ల వంక చూసుకుంటూ, పెదవులు కదుపుతూ కొట్టాడు. తప్పు.

“అన్నయ్యా” అంది ఎస్తేరు మెల్లగా, “చేతులు కడుక్కున్నావా?”

ఎగతాళి చేసిందో, నిజంగా అడిగిందో అతనికి అర్థం కాలేదు. ఆమె అప్పటికే పక్కన నిలబడి తెల్ల చీటీల మీద పేర్లు రాస్తోంది. వరస పెరుగుతోంది. సాగర్ అవతలి నుంచి వచ్చిన ఒకామె జ్వరం పిల్లను భుజాన వేసుకుని వరస మధ్యలో నిలబడి ఉంది. వెంకట్రామయ్య వెళ్లి పిల్ల చేతిలో చాక్లెట్ పెట్టాడు.

“డాక్టరు ఎప్పుడొస్తడయ్యా? టైమెంతయింది?”

“మన టైమా, రైలు టైమా?” అన్నాడు వెంకట్రామయ్య.

“గదేంది? టైముల గూడ రెండుంటయా?”

“గోడ మీద ఉండేది మన టైమమ్మా. అందులో పది నిమిషాలు తీసేస్తే రైలు టైము. డాక్టరుగారు రైలు టైముకే వస్తారు.”

బల్ల ముందు కూర్చున్న రహీమ్ చేతులు ఆగాయి. తలెత్తి గోడ వంక చూశాడు. జేబులోంచి ఫోను తీసి చూశాడు. తర్వాత తెర మూలన ఉన్న చిన్న అంకెల వంక చూశాడు. తెర మీదున్నది మన టైమే, అంటే గోడ గడియారంతో నిమిషం తేడా లేకుండా ఉంది.

పెద్దమ్మకు మనుషుల్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. పేరు చెప్పినవాళ్లకు ఒక చీటీ రాసిస్తుంది, దాని మీద వేళ వేస్తుంది. అడిగినవాడి గడియారానికీ తన గడియారానికీ ఐదు నిమిషాల కన్నా ఎక్కువ తేడా వస్తే ఎవడో పాత చీటీ దొంగిలించి తెచ్చాడనుకుంటుంది. అప్పుడు పాస్‌వర్డ్ ఎంత సరిగా కొట్టినా తలుపు తీయదు. ఆ సంగతి తెర మీద వివరంగా చెప్పదు. తప్పు అని మాత్రం అంటుంది.

“బాబాయ్, పొద్దున కంప్యూటర్ వేసేటప్పుడు నువ్వేం చేస్తావు?”

“ఏముంది. పైన మెయిను వేస్తా. దీని బటన్ నొక్కుతా. నల్లగా వచ్చి తారీకు, టైము అడిగిద్ది. కొట్టి లోపలికి పంపిస్తా.”

“రోజూ అడిగిద్దా?”

“రోజూ. రాత్రి మెయిను ఆపుతా గదా, తెల్లారేసరికి మర్చిపోద్ది. ముసలిదయింది.”

లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌కు వేళ గుర్తుండేది దానివల్లే. అది చచ్చి ఎన్నాళ్లయిందో. ఆ సంగతి ఎవరూ పేటకు చెప్పలేదు, ఎందుకంటే వెంకట్రామయ్య రోజూ ఓపిగ్గా దానికి వేళ చెప్పి లోపలికి పంపిస్తున్నాడు.

“టైము దేన్ని చూసి కొడతావు?”

వెంకట్రామయ్య కళ్లజోడు తీసి పెట్టుకుని, తానేదో తప్పు చేశానన్న అనుమానం అప్పుడే వచ్చినట్టు, గోడ వంక వేలు చూపించాడు. “గోడ మీద ఒక టైము, డబ్బాలో ఒక టైము ఉంటే ఎట్టాగబ్బాయ్? చీటీ మీద టైము చూసి జనం నాతో తగాదాకొస్తారు. రెండూ ఒకటిగా ఉండాలని...”

“మరి గోడ మీదది ముందుకెందుకు పెట్టావు?”

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎస్తేరే అంది, చీటీ రాస్తూ తలెత్తకుండా. “నాకోసమే పెట్టాడన్నయ్యా. చేరిన కొత్తలో రెండుసార్లు రైలు పోయింది. పిల్లోడు చంటోడు అప్పుడు, పాలకి ఏడ్చేవోడు. నేనిక్కడ కూర్చుని ఏడ్చేదాన్ని. ఆ తెల్లారి బాబాయ్ స్టూలెక్కి పెట్టాడు.”

ఆసుపత్రిలో అందరికీ తెలుసు. చూస్తారు, పది తీసేసుకుంటారు. ఆ లెక్క కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు.

కానీ ఏళ్ల తరబడి పెట్టిన టైముకు ఈ మధ్యనే తంటా ఎందుకొచ్చింది? రహీమ్‌కు అది కూడా తట్టింది, తట్టాక కుర్చీలోంచి లేవాలనిపించలేదు. కంప్యూటర్ లోపలికి రాగానే బయటి ఇంటర్నెట్ నుంచి అసలు వేళ అడిగి తెచ్చుకుని, వెంకట్రామయ్య కొట్టింది చడీచప్పుడు లేకుండా దిద్దుకునేది. పోయిన నెల హర్ష, రాత్రి డ్యూటీ వాళ్లు సినిమాలు చూస్తున్నారు, పొద్దున తొమ్మిదింటి దాకా ఇంటర్నెట్ ఆపండి అన్నాడు. రహీమ్ ఆపాడు. సినిమాలకు తాళం వేయమంటే వీధి మొత్తానికి వేశాడు. వేళ వచ్చే సందు కూడా అందులోనే మూతపడింది. తొమ్మిదికి ఆ తాళం దానంతట అదే తెరుచుకోగానే కంప్యూటర్ వేళ దిద్దుకునేది. తొమ్మిదిన్నరకు రహీమ్ వచ్చి, అంతా బాగానే ఉంది, ఆమెదే పొరపాటు అనేవాడు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, మొదట వచ్చే నల్ల తెర మీదే గడియారం పది నిమిషాలు వెనక్కి తిప్పాడు. లేచి ఎస్తేరును కూర్చోబెట్టాడు. ఆమె పేరు కొట్టింది. తెర తెరుచుకుంది.

ఎస్తేరు వెనక బీరువా వైపు తిరిగి, అక్కడ సర్దవలసిందేమీ లేకపోయినా ఫైళ్లు సర్దింది. మళ్లీ ఇటు తిరిగేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. “తర్వాతెవరు? ఇంటిపేరు చెప్పమ్మా” అంది.

బస్టాండు దగ్గర వాచీల కొట్లో బ్యాటరీ తెచ్చి వేశాడు రహీమ్. బయటి వేళతో పని లేకుండా కంప్యూటర్లన్నీ పెద్దమ్మ గడియారాన్నే అడిగేట్టు మార్చాడు. పని చేస్తున్నంతసేపూ వెంకట్రామయ్య ఆ చుట్టుపక్కలే తిరిగాడు. ఒకసారి టీ తెచ్చాడు. ఇంకోసారి ఉత్త చేతులతో వచ్చి నిలబడ్డాడు.

“నా వల్లేనా అబ్బాయ్, ఆ పిల్ల కుర్చీ పోయేది?”

“కాదు బాబాయ్.”

“నా వల్లే. నాకర్థమైంది. పేటలో తెలిస్తే నన్నుంచరు. ఉంచకపోయినా సరే, నా పేరే రాయి. పిల్లదాన్ని మాత్రం...” ఆగి, ఖాకీ చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. తర్వాత స్టూలు ఈడ్చుకొచ్చి గోడకు వేశాడు. ఒక కాలు పైన పెట్టాడు.

“ఏంది బాబాయ్, ఎక్కడికెక్కుతన్నావ్?” వార్డులోంచి మహాలక్ష్మి కేక.

“టైము సరిచేస్తన్నా. దీంతోనే వచ్చింది అంతా.”

“దాన్ని ముట్టుకున్నావంటే స్టూలు లాగేస్తా, చెప్తన్నా. కంప్యూటర్‌కి తెలియకపోతే దానికి నేర్పుకోండి. మేం నేర్చుకోలా?”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. వెంకట్రామయ్య రహీమ్ వంక చూశాడు. జీవితమంతా నిమిషం తేడా రాకుండా యంత్రాల గడియారాలు కలిపిన రహీమ్, “దిగు బాబాయ్, దాని జోలికి మనమెందుకు? ఇప్పుడు కంప్యూటర్ దాన్ని చూడదు” అన్నాడు.

మధ్యాహ్నం గోడ వంక చూసి, బస్సు పోతుందని భయపడి, సంచి పట్టుకుని బస్టాండుకు సగం నడక, సగం పరుగు మీద వెళ్లాడు. బస్సు ఇంకా రాలేదు. చెమట తుడుచుకుంటుండగా తెలిసొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. నీళ్లు తాగాడు, అబిదాకు జామకాయలు కొన్నాడు, కిటికీ పక్క సీటు దొరికింది. ఆ తీరిక వెంకట్రామయ్య ఇచ్చింది. ఆయన ఇంతకాలం రోజూ అందరికీ ఇస్తూనే ఉన్నాడు, జీతం కాయితంలో ఎక్కడా ఎక్కకుండా.

దారంతా ఆలోచించాడు. కారణం దొరికింది, దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలన్నదే మిగిలింది. మిషను అని పెట్టొచ్చు, బ్యాటరీ చచ్చిన మాట నిజమే. అప్పుడు ఆ ఫిర్యాదొక్కటే మూతపడుతుంది, ఎస్తేరు పేరు మీదున్న పాతవి అట్లాగే ఉంటాయి. వాటినీ మార్చాలంటే ఎందుకు మారుస్తున్నావని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెబితే ముసలాయన బయటికి పోతాడు. ఆ నాలుగు కారణాల్లో, సర్వర్ చూసుకునేవాడు తప్పు చేయవచ్చు అన్నది లేదు. ఎందుకుంటుంది? ఆ నాలుగూ రాసింది అతనే.

పేటకు చేరగానే ఇంటికి పోకుండా సర్వర్ గది తెరిచాడు. అయిదో కారణం చేర్చాడు. ఎస్తేరు పాత ఫిర్యాదులు ఒక్కొక్కటీ తీసి మార్చుకుంటూ వచ్చాడు. అది అయ్యాక హర్ష గదికి వెళ్లాడు.

హర్ష చదివి, మర్యాదగా నిట్టూర్చాడు. “సాల్వ్ అయింది కదా రహీమ్ గారూ. ఇదంతా ఎందుకు? మిషన్ అని పెట్టేయండి.”

“మిషను మీద మెమోలు రావు సార్. మనిషి మీదే వచ్చినయ్.”

“ఆ సీటుకి మనవాళ్లు చెప్పిన అమ్మాయి ఉందండీ. నేనూ ఒకళ్లకి మాటిచ్చా.”

“ఎస్తేరు నిజంగా తప్పు చేసిన రోజు చూసుకోండి. ఇవి మాత్రం ఆమెవి కావు. తొమ్మిదింటి దాకా నెట్ ఆపమని మీరు మెయిల్ పెట్టారు. సరిగా ఆపటం చేతగాక అన్నీ ఆపేశాను నేను. కావాలంటే ఆ మెయిల్ కూడా దీనికి కలుపుతా.”

హర్ష తన మెయిల్ మాట విని కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. “అక్కర్లేదు లెండి” అన్నాడు. ఎస్తేరు కాగితం నకలు సొరుగులోంచి తీసి అడ్డంగా గీత కొట్టి, పొట్టి సంతకం చేశాడు. “మెమో మీకు ఇవ్వాల్సొస్తుంది మరి.”

“ఇవ్వండి సార్.”

“పాతికేళ్ల సర్వీసులో మొదటిది కదండీ?”

“రాసేవాణ్ణి నేనే గదా సార్, నా మీదికెట్టా వస్తయ్?” అన్నాడు రహీమ్.

ఇంటికి వెళ్లి జరిగింది చెబితే అబిదా జామకాయ కోసి, ఉప్పూకారం అద్ది, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున టీలో బ్రెడ్డు ముంచుకుంటుండగా ఫోను మోగింది. వెనక వరండా గోల, పిల్లల ఏడుపు, ఎవరినో వరసలో నిలబడమంటున్న వెంకట్రామయ్య గొంతు.

“అన్నయ్యా, అయింది. ఒక్కసారికే తీసుకుంది.”

“చేతులు కడుక్కున్నావా?”

“లేదు. కావాలనే నూనె చేత్తో కొట్టా.” ఆమె గొంతులో నవ్వు వినపడింది. “పేట నుంచి కబురొచ్చింది, కౌంటర్లోనే ఉండమన్నారంట. బాబాయ్ అందరికీ చాక్లెట్లు పంచాడు, రోగులక్కూడా. ఒక షుగరాయన కూడా తిన్నాడు.”

“మంచిదమ్మా.”

“ఇంకోటన్నయ్యా. నా పాత కంప్లైంట్లన్నిటి కిందా మాట మారింది. అడ్మిన్ మిస్టేక్ అని ఉంది. అదేంది?”

టీలో ముంచిన బ్రెడ్డు తెగి గ్లాసులో పడింది. “అది నేనేనమ్మా” అన్నాడు రహీమ్.

అవతల ఎవరో ఇంటిపేరు చెబుతున్నారు.

“మరి నిన్ను ఏ వార్డులో ఏస్తారన్నయ్యా?” అంది ఎస్తేరు.

ఈసారి ఆమె నవ్వడం లేదు. నిజంగానే అడిగింది.